గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ: అరుదుగా వచ్చే ప్రమాదాలను గుర్తుపట్టడం, వెంటనే చేయాల్సిన పనులు

గర్భసంచి కండరంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్ కాదు. చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. వేరే దేనికో స్కానింగ్ చేయించుకుంటే బయటపడుతుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయాక చాలావరకు దానంతటదే కుంచించుకుపోతుంది. కానీ కొద్దిమందిలో ఇదే గడ్డ మెలితిరుగుతుంది, లోపల చచ్చుబడుతుంది, మూత్రానికి అడ్డుపడుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టేలా చేస్తుంది. అరుదైనవి కాబట్టే వీటిని గుర్తించడం ఆలస్యమవుతుంది. ఇంట్లోవాళ్లు నెలసరి నొప్పేలే అనుకుంటారు, చిన్న క్లినిక్‌లో గ్యాస్ ఇంజెక్షన్ వేసి పంపేస్తారు. మరోవైపు, ఎప్పుడో ఏదో అవుతుందన్న భయంతో ఏ ఇబ్బందీ లేని గర్భసంచిని తీయించుకునేవాళ్లూ మన దగ్గర చాలామందే ఉన్నారు. ఈ రెండు పొరపాట్లూ జరగకుండా ఉండాలంటే మీ గడ్డ ఎక్కడుందో, అక్కడున్న గడ్డతో ఏ ప్రమాదం రాగలదో తెలిసి ఉండాలి.

ముందు స్కానింగ్ రిపోర్టు చదవండి

రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ సెంటీమీటర్ల మీదికి పోతుంది. సైజు ముఖ్యమే, కానీ గడ్డ ఉన్న చోటు అంతకంటే ముఖ్యం. లోపలి పొర కింద ఉన్న 2 సెం.మీ. గడ్డ మనిషిని రక్తహీనతతో మంచాన పడేయగలదు. బయటి గోడ మీద ఉన్న 7 సెం.మీ. గడ్డ ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోవచ్చు.

డాక్టర్లు చోటును 0 నుంచి 8 వరకు అంకెలతో చెబుతారు. దీన్ని ఫిగో వర్గీకరణ అంటారు. 0 అంటే గర్భసంచి లోపలి ఖాళీలోకి తొడిమతో వేలాడుతున్న గడ్డ. 1, 2 కూడా లోపలికి పొడుచుకొచ్చినవే. 1లో సగం కంటే తక్కువ భాగం, 2లో సగం లేదా అంతకంటే ఎక్కువ భాగం కండరంలో ఉంటుంది. 3, 4 పూర్తిగా గోడలోనే ఉంటాయి, 3వ రకం మాత్రం లోపలి పొరను తాకుతుంది. 5, 6 బయటివైపు ఉబ్బినవి. 7 బయటివైపు తొడిమతో వేలాడేది. 8లో గర్భాశయ ముఖద్వారం దగ్గరివి, గర్భసంచిని వదిలి వేరే అవయవానికి అతుక్కున్నవి వస్తాయి.

రిపోర్టులో అంకె లేకపోతే 'సబ్‌మ్యూకస్' అంటే లోపలివైపు, 'ఇంట్రామ్యూరల్' అంటే గోడలో, 'సబ్‌సీరస్' అంటే బయటివైపు. పక్కన 'పెడంక్యులేటెడ్' అని ఉంటే గడ్డకు తొడిమ ఉందని అర్థం. ఆ మాట కనిపిస్తే గుర్తుపెట్టుకోండి.

చోటును బట్టి ముప్పు ఇలా మారుతుంది. 0, 1, 2 రకాలకు విపరీతమైన రక్తస్రావం, గడ్డ కిందికి జారడం. 7వ రకానికి మెలితిరగడం. పెద్దగా పెరిగిన 4, 5, 6 రకాలకు చుట్టుపక్కల అవయవాలను నొక్కడం, గర్భం వచ్చినప్పుడు లోపల చచ్చుబడి నొప్పి రావడం. ముఖద్వారం దగ్గరి గడ్డకు, గర్భసంచి వెనక్కి వాలి ఉన్నవాళ్లకు మూత్రం ఆగిపోవడం.

పొట్ట మీదనుంచి చేసే స్కానింగ్‌కు మూత్రసంచి నిండుగా ఉండాలి, యోని ద్వారా చేసేదానికి ఖాళీగా ఉండాలి. గడ్డ 8-10 సెం.మీ. దాటినా, గర్భసంచి బొడ్డు దాకా పెరిగినా అదే రోజు కిడ్నీలను కూడా చూడమని అడగండి. మూత్రం పోశాక మూత్రసంచిలో ఎంత మిగిలిందో కూడా రాయమనండి. చాలా చోట్ల అడగనిదే ఈ రెండూ చూడరు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. గడ్డల సంఖ్య, పెద్దదాని సైజు, చోటు, తొడిమ ఉందా లేదా, చివరి హిమోగ్లోబిన్ ఎంత, ఏ తేదీన చూశారు, బ్లడ్ గ్రూపు, వాడుతున్న మాత్రలు, పాత ఆపరేషన్లు, ఏ మందు పడదు. అర్ధరాత్రి క్యాజువాల్టీలో కూర్చున్న జూనియర్ డాక్టర్‌కు ఇది పాత ఫైళ్ల కట్ట కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి

ఫైబ్రాయిడ్ ఉన్నవాళ్లకు నెలసరిలో నొప్పి కొత్త కాదు. కానీ నెలసరితో సంబంధం లేకుండా, కొన్ని నిమిషాల్లోనే మొదలై, మనిషిని వంచేసే నొప్పిని వేరుగా చూడాలి. దాని వెనుక ప్రధానంగా మూడు కారణాలు ఉండొచ్చు.

మొదటిది తొడిమ మెలితిరగడం. కాయ తొడిమ దగ్గర మెలిపడితే రసం అందనట్టే, గడ్డకు రక్తం చేరడం ఆగిపోతుంది. నొప్పి ఒకవైపే ఎక్కువగా ఉండొచ్చు. వికారం, వాంతులు తోడవుతాయి. పక్క మీద తిరిగినప్పుడో, వంగి లేచినప్పుడో మొదలుకావచ్చు. కొందరిలో మెలి కొంత విప్పుకుని నొప్పి తగ్గి మళ్లీ వస్తుంది. 'తగ్గిపోయిందిగా' అని ఇంటి దగ్గరే ఉండిపోవడం ఇక్కడే ప్రమాదం. అండాశయం మెలితిరిగినా సరిగ్గా ఇవే లక్షణాలు ఉంటాయి, అక్కడ కొన్ని గంటల ఆలస్యంతో అండాశయమే పోవచ్చు. కాబట్టి ఏది మెలితిరిగిందో ఇంట్లో తేల్చుకునే పని పెట్టుకోవద్దు. డాప్లర్ స్కానింగ్‌లో రక్తప్రసారం కనిపించినంత మాత్రాన మెలి లేదని చెప్పలేం. నొప్పి తగ్గకపోతే ఎంఆర్‌ఐ గానీ, నేరుగా లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) గానీ చేస్తారు. గడ్డను తొడిమ దగ్గర కోసి తీసేస్తే సరిపోతుంది. ఒక్క 7వ రకం గడ్డ మెలితిరిగిందని గర్భసంచి మొత్తం తీయాల్సిన పని సాధారణంగా ఉండదు.

రెండోది చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. బయటివైపు గడ్డ మీద ఉబ్బిన సిర పగిలి కడుపులోకి రక్తం కారడం. బయటికి చుక్క రక్తం కనిపించకపోవచ్చు. నొప్పితో పాటు కళ్లు తిరుగుతాయి, చల్లని చెమట పడుతుంది, నాడి నిమిషానికి 100 దాటి వేగంగా సన్నగా కొట్టుకుంటుంది, కొందరికి భుజం మీద కూడా నొప్పి తెలుస్తుంది. గర్భం ట్యూబులో నిలిచి పగిలినప్పుడు కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలో మొదట మూత్రంతో గర్భపరీక్ష చేస్తారు. 'మా అమ్మాయికి పెళ్లి కాలేదు', 'ఆపరేషన్ అయిపోయింది' అని దాన్ని వద్దనకండి. ఆ ఒక్క పరీక్షతో డాక్టర్ ఆలోచన సరైన దారిన పడుతుంది.

మూడోది గడ్డ లోపలి కణజాలానికి రక్తం చాలక అది చచ్చుబడటం. ఇది గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుంది కాబట్టి వివరం కింద ఉంది.

మూడింటిలో ఏది అనుమానమున్నా చేయాల్సినవి ఒకటే. 108కి ఫోన్ చేయండి, గైనకాలజిస్టు, ఆపరేషన్ థియేటర్, బ్లడ్ బ్యాంకు మూడూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని చెప్పండి. నోటితో ఏమీ ఇవ్వవద్దు. కాఫీ, మజ్జిగ, గ్లూకోజ్ నీళ్లు కూడా వద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. పొట్ట మీద వేడి కాపడం, మర్దన చేయకండి. స్పృహ తప్పుతుంటే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు వెంట వెళ్లడం మంచిది.

గర్భంతో ఉన్నప్పుడు వచ్చే నొప్పి

గర్భం వచ్చాక మొదటి నెలల్లో కొన్ని గడ్డలు త్వరగా పెరుగుతాయి. లోపలి భాగానికి రక్తం చాలక కణజాలం చచ్చుబడి ఎర్రగా మారుతుంది. దీన్నే రెడ్ డీజనరేషన్ అంటారు. ఎక్కువగా నాలుగో, ఐదో నెలలో, 5 సెం.మీ. దాటిన గడ్డల్లో కనిపిస్తుంది. కాన్పు తర్వాతి రోజుల్లోనూ రావచ్చు. సరిగ్గా గడ్డ ఉన్నచోట వేలుపెట్టి చూపగలిగేంత నొప్పి, కొద్దిపాటి జ్వరం, వికారం ఉంటాయి. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరుగుతాయి. వారం లోపే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఇవే లక్షణాలతో మాయ ముందుగా విడిపోవడం, అపెండిక్స్ వాపు, నెలలు నిండకముందే నొప్పులు రావడం కూడా ఉంటాయి. గర్భిణిలో అపెండిక్స్ నొప్పి మామూలు చోటు కంటే కాస్త పైకి జరగవచ్చు, అందుకే పొరపడతారు. కాబట్టి మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి బిడ్డ గుండె చప్పుడు, మాయ, గడ్డ మూడూ చూపించుకోండి. రక్తం కనిపించినా, పొట్ట రాయిలా బిగుసుకున్నా, బిడ్డ కదలిక తగ్గినా గంట కూడా ఆగొద్దు.

చికిత్స సాదాసీదాగానే ఉంటుంది. విశ్రాంతి, సెలైన్, పారాసెటమాల్. పెద్దవాళ్లకు మాత్రకు మాత్రకు కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. సన్నగా, తక్కువ బరువున్నవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మందులషాపులో అడిగి వేసుకోవద్దు. 20 వారాల తర్వాత ఇవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. నెలలు ఇంకా పెరిగాక బిడ్డ గుండె దగ్గరి రక్తనాళాన్ని ముందే మూసేయగలవు. కొన్నిసార్లు డాక్టర్లే వీటిని ఒకటి రెండు రోజులు ఇస్తారు, అది పర్యవేక్షణలో జరిగేది.

గర్భంతో ఉండగా గడ్డ తీయించుకోవాలనే తొందర వద్దు. గర్భసంచికి అప్పుడు రక్తప్రసారం విపరీతంగా ఉంటుంది, కోస్తే ఆపడం కష్టం. తొడిమ మెలితిరగడం లాంటి కారణం ఉంటేనే ఆ పని చేస్తారు. సిజేరియన్‌లో దారికి అడ్డున్న గడ్డను తీయాలా వద్దా అన్నది అక్కడికక్కడ డాక్టర్ నిర్ణయించేది. కాన్పు తర్వాత రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి, పెద్ద గడ్డలున్నవాళ్లు రక్తం సిద్ధంగా ఉండే ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవాలి.

రక్తం ఆగకపోతే, గడ్డ కిందికి జారితే

గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ రెండు గంటలు దాటితే అది ఎమర్జెన్సీ. నిమ్మకాయంత ముద్దలు పడటం, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం కూడా అంతే. మార్చిన ప్యాడ్లను లెక్కపెట్టండి, వీలైతే ఫోటో తీయండి. 'బాగా అవుతోంది' అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు, '3 గంటల్లో 5 ప్యాడ్లు' అంటే తెలుస్తుంది.

ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు చాలామంది ఇళ్లలో ఉంటాయి. సాధారణంగా రాసే మోతాదు 1 గ్రాము, అంటే 500 మి.గ్రా. మాత్రలు రెండు, రోజుకు మూడుసార్లు, ఎక్కువ రక్తం పోయే రోజుల్లో మాత్రమే, 4-5 రోజులకు మించకుండా. గతంలో కాలిలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవాళ్లు వేసుకోకూడదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి. రక్తం ఆపడానికి ఇచ్చే హార్మోన్ మాత్రలను పక్కింటావిడ చీటీ చూసి వాడటం, మధ్యలో ఒక్కసారిగా ఆపేయడం రెండూ తప్పే. ఆపిన కొద్ది రోజులకు మళ్లీ పెద్దగా రక్తం పడుతుంది.

ఇక 0 రకం గడ్డల సంగతి. గర్భసంచి దాన్ని బయటికి తోసేయడానికి ప్రయత్నిస్తుంది. కాన్పు నొప్పుల్లా విడతలు విడతలుగా నొప్పి, ఆగని రక్తం, కొన్ని రోజులకు దుర్వాసనతో ద్రవం. యోనిలో కండలాంటిది తగులుతుంది, ఒక్కోసారి బయటికే కనిపిస్తుంది. దాన్ని పట్టి లాగకండి, లోపలికి నెట్టకండి, ఎవరినీ అలా చేయనివ్వకండి. తొడిమ గర్భసంచి పైకప్పుకు అతుక్కుని ఉంటే, గడ్డతో పాటు పైకప్పే కిందికి ఈడ్చుకొచ్చి గర్భసంచి లోపలివైపు బయటికి తిరగబడుతుంది. ఇది అరుదే, కానీ ఆ తిరగబడ్డ భాగాన్నే గడ్డ అనుకుని కోస్తే గర్భసంచికే రంధ్రం పడుతుంది. అందుకే కోసే ముందు గర్భసంచి పైభాగం దాని చోటులో ఉందో లేదో చూసుకోవాలి. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. థియేటర్‌లో తొడిమను కట్టి కింది నుంచే తీసేయడం చాలావరకు కుదురుతుంది.

నెలనెలా పోయిన రక్తం లెక్క హిమోగ్లోబిన్‌లో కనిపిస్తుంది. గర్భం లేని స్త్రీకి 12 కంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తక్కువైతే తీవ్రం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నిమ్మరసంతో లేదా ఉసిరితో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం ఇవ్వండి. నెల తర్వాత హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్రలు వేసుకోవడం లేదనో, అంతకుమించి రక్తం పోతోందనో, ఒంటికి పట్టడం లేదనో అర్థం. అప్పుడు సెలైన్‌లో ఐరన్ ఎక్కించడం గురించి అడగండి. మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు ఆపకండి, లోపలి నిల్వలు నిండాలి.

మూత్రం ఆగిపోవడం, కిడ్నీ వాపు

నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు గర్భసంచి కాస్త ఉబ్బుతుంది. ముఖద్వారం దగ్గర గడ్డ ఉన్నవాళ్లకు, వెనక్కి వాలిన గర్భసంచి పొత్తికడుపు గిన్నెలో ఇరుక్కున్నవాళ్లకు ఆ కొద్దిపాటి ఉబ్బే మూత్రదారిని మూసేస్తుంది. సాయంత్రం దాకా బాగానే ఉండి, రాత్రి నిద్రలేచేసరికి చుక్క రాదు. గర్భిణుల్లో ఇది 12 నుంచి 16 వారాల మధ్య ఎక్కువ.

మొదట ముందుకు బాగా వంగి కూర్చుని ప్రయత్నించండి. లేదా కాసేపు మోకాళ్లు, అరచేతుల మీద ఉండి లేచి వెళ్లండి, గర్భసంచి కాస్త ముందుకు జారుతుంది. అయినా రాకపోతే 'నీళ్లు ఎక్కువ తాగితే వస్తుంది' అని తాగించకండి, నిండిన సంచి ఇంకా సాగి దాని కండరం దెబ్బతింటుంది. ఆసుపత్రిలో పైపు వేస్తే నిమిషాల్లో ఉపశమనం వస్తుంది. పైపు తీశాక మళ్లీ ఆగిపోతే, ఇలా రెండోసారి జరిగితే గడ్డకు చికిత్స తప్పదు. మూత్రం పోశాక 100 మిల్లీలీటర్లకు మించి మిగులుతుంటే దాన్ని పట్టించుకోవాలి.

కిడ్నీ వాపు ఇలా అరిచి చెప్పదు. పెద్ద గడ్డ, కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే నాళాన్ని నెలల తరబడి నొక్కుతుంటే కిడ్నీ నెమ్మదిగా ఉబ్బి పనితనం తగ్గుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. అందుకే పెద్ద గడ్డలున్నవాళ్లు ఏడాదికోసారైనా కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. వాపు కనిపిస్తే 'ఇంకో ఏడాది చూద్దాం' అనే మాటకు చోటు లేదు.

ఒక కాలు వాస్తే

రెండు కాళ్లూ సమానంగా వాస్తే కారణాలు చాలా ఉంటాయి. ఒక్క కాలే, ముఖ్యంగా ఎడమ కాలు, ఒకటి రెండు రోజుల్లో వాచి పిక్క నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. పెద్ద గర్భసంచి పొత్తికడుపు సిరలను నొక్కి రక్తాన్ని నిలవగట్టడం దీనికి కారణం. టేపుతో, మోకాలి చిప్ప కింది ఎముక బొడిపె నుంచి 10 సెం.మీ. కింద రెండు పిక్కలనూ కొలవండి. తేడా 3 సెం.మీ. దాటితే అదే రోజు డాప్లర్ చేయించాలి.

ఆ కాలికి నూనె రాసి మర్దన చేయడం మన ఇళ్లలో మొదట తోచే పని. చేయవద్దు. సిరలోని రక్తపు గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడుస్తున్నట్టు నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయడమే.

చికిత్సలో చిక్కు ఒకటుంది. రక్తం పలుచబడే మందు ఇస్తే నెలసరి రక్తం పెరుగుతుంది, రక్తం ఆపే ట్రానెక్సామిక్ మాత్ర ఇస్తే సిరలో గడ్డకు మేలు చేయదు. అందుకే ఫిజీషియన్, గైనకాలజిస్టు కలిసి కూర్చుని నిర్ణయించాలి. ఇద్దరి చీటీలనూ ఇద్దరికీ చూపించే బాధ్యత మీరే తీసుకోండి.

జ్వరం

కాన్పు, గర్భస్రావం, గర్భసంచి శుభ్రం చేయడం, ఎంబోలైజేషన్ (గడ్డకు రక్తం అందించే నాళాలను మూసేసే చికిత్స) వీటిలో ఏదైనా జరిగాక చచ్చుబడిన గడ్డలోకి సూక్ష్మక్రిములు చేరి చీము పట్టవచ్చు. చాలా అరుదు, కానీ రక్తమంతా విషమయమయ్యేదాకా పోగలదు. యాంటీబయాటిక్ రెండు మూడు రోజులు వేసినా దిగని జ్వరం, పొత్తికడుపు నొప్పి, ఫైబ్రాయిడ్ ఉన్న చరిత్ర, ఇంకెక్కడా ఇన్‌ఫెక్షన్ దొరకకపోవడం ఈ నాలుగూ కలిస్తే దీన్ని అనుమానించాలి. డాక్టర్‌కు ఫైబ్రాయిడ్ సంగతి చెప్పడం మరిచిపోతే మలేరియా, టైఫాయిడ్ పరీక్షల చుట్టూ రోజులు గడిచిపోతాయి. యాంటీబయాటిక్‌తో పాటు చీము పట్టిన గడ్డను తీయాల్సి రావచ్చు, కొందరిలో గర్భసంచి కూడా.

ఎంబోలైజేషన్ తర్వాత మొదటి వారంలో కొద్ది జ్వరం, నొప్పి, నీరసం మామూలే. రక్తం అందక గడ్డ చచ్చుబడుతోంది కాబట్టి ఒళ్లు అలా స్పందిస్తుంది. పది రోజులు దాటాక కొత్తగా జ్వరం వచ్చినా, 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, దుర్వాసనతో ద్రవం పోతున్నా వెంటనే చేసినచోటికి వెళ్లాలి.

రిపోర్టులో కనిపించే వింతలు

హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటం. పెద్ద ఫైబ్రాయిడ్ ఉండి, హిమోగ్లోబిన్ 17 లేదా 18 వస్తే సంతోషించకండి. అరుదుగా గడ్డే ఎరిత్రోపాయిటిన్ అనే పదార్థాన్ని తయారుచేసి ఎర్రకణాలను అతిగా పెంచుతుంది. రక్తం చిక్కబడి సిరల్లో గడ్డకట్టే ముప్పు ఉంటుంది. గడ్డ తీసేశాక అంకె మామూలుకు వచ్చేస్తుంది. అది తేలేదాకా ఐరన్ మాత్రలు ఆపి డాక్టర్‌ను కలవండి.

పొట్టలో నీరు, ఊపిరితిత్తి చుట్టూ నీరు, రక్తంలో సీఏ-125 (అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చూసే ఒక పదార్థం) పెరుగుదల. మూడూ కలిస్తే అందరూ అండాశయ క్యాన్సర్ అనే అనుకుంటారు. ఫైబ్రాయిడ్ వల్ల కూడా ఇలా జరిగిన సందర్భాలున్నాయి, గడ్డ తీయగానే నీరు ఇంకిపోతుంది. సీఏ-125 ఒక్కదాన్నే చూసి నిర్ధారణ చేయడం ఎప్పుడూ పొరపాటే, మామూలు ఫైబ్రాయిడ్‌లోనూ, నెలసరి రోజుల్లోనూ అది కొంత పెరుగుతుంది.

గర్భసంచి ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత ఛాతీ ఎక్స్‌రేలో చిన్న చిన్న గుండ్రటి మచ్చలు. ఇవి ఊపిరితిత్తులకు చేరిన మామూలు ఫైబ్రాయిడ్ కణాలు కావచ్చు. ముక్క తీసి పరీక్షిస్తే గానీ తేలదు. ఇంకా అరుదుగా ఫైబ్రాయిడ్ కణజాలం సిరలోపలే తాడులా పెరుగుతూ పెద్దసిర గుండా గుండె కుడివైపు దాకా పోతుంది. ఆయాసం, స్పృహ తప్పడం వస్తాయి. దీనికి గుండె శస్త్రవైద్యులు కూడా ఉన్న పెద్ద ఆసుపత్రి కావాలి. రెండు సందర్భాల్లోనూ పాత ఆపరేషన్ బయాప్సీ రిపోర్టు దొరికితే సగం పని అయినట్టే.

క్యాన్సర్ భయం, ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి

నెలసరి ఆగకముందు గడ్డ వేగంగా పెరగడం ఒక్కటే క్యాన్సర్‌కు నమ్మదగిన గుర్తు కాదు. నెలసరి ఆగిపోయాక, హార్మోన్ మాత్రలేవీ వాడకుండానే గడ్డ పెరుగుతుంటే, కొత్తగా రక్తం కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎంఆర్‌ఐ కొంత సూచన ఇస్తుంది, కానీ ఆపరేషన్‌కు ముందే ఖాయంగా చెప్పే పరీక్ష ఏదీ లేదు.

ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకున్న సుమారు 350 మందిలో ఒకరికి బయటపడని సార్కోమా (గర్భసంచి కండరంలో పుట్టే క్యాన్సర్) ఉండొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అంచనా వేసి, గడ్డను కడుపులోనే యంత్రంతో ముక్కలు చేసి తీయడం మీద హెచ్చరిక ఇచ్చింది. ముక్కలు కడుపులో చెదిరితే మామూలు ఫైబ్రాయిడ్ కూడా పేగుల మీదో, పొట్ట పొర మీదో అతుక్కుని మళ్లీ పెరగవచ్చు. కాబట్టి లాప్రోస్కోపీ అంటే, 'గడ్డను ఎలా బయటికి తీస్తారు? సంచిలో పెట్టి ముక్కలు చేస్తారా?' అని అడగండి. 'గడ్డ ఒక్కటే తీస్తే చాలదా? గర్భసంచి తీస్తే అండాశయాలు ఉంచుతారా?' అన్నవి మిగతా రెండు ప్రశ్నలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ముందు వరుసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. 35 ఏళ్ల మనిషికి 3 సెం.మీ. గడ్డ చూపించి 'క్యాన్సర్ అవుతుంది, రేపే తీసేద్దాం' అంటే, ఆ ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం దాదాపు జరగదని తెలుసుకుని రెండో డాక్టర్‌ను కలవండి. పైన చెప్పిన ఎమర్జెన్సీలు తప్ప మిగతా ఏ ఫైబ్రాయిడ్ ఆపరేషన్ అయినా రెండో అభిప్రాయం కోసం వారం ఆగగలదు.

గడ్డ ఒక్కటే తీయించుకుని పిల్లల్ని కనాలనుకునేవాళ్లు డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్ కాపీ తీసుకోవాలి. ఎన్ని గడ్డలు తీశారు, గర్భసంచి లోపలి ఖాళీ దాకా కోత వెళ్లిందా, గోడను ఎన్ని పొరలుగా కుట్టారు అన్నవి అందులో ఉంటాయి. కోత లోతైనదైతే నొప్పులు మొదలైనప్పుడు పాత కుట్టు విడిపోయే ముప్పు ఉంది, అలాంటప్పుడు నొప్పులు రాకముందే సిజేరియన్ పెడతారు. గర్భం కోసం ఎన్ని నెలలు ఆగాలో అడగండి, సాధారణంగా 3 నుంచి 6 నెలలు అంటారు.

తీసిన గడ్డను తప్పకుండా బయాప్సీకి పంపించండి, రిపోర్టు వచ్చాక మీరే చదవండి. 'లియోమయోమా' అంటే మామూలు ఫైబ్రాయిడ్. 'స్టంప్' అని ఉంటే క్యాన్సరో కాదో ఖాయంగా తేలని గడ్డ అని అర్థం, ఏళ్ల తరబడి తనిఖీ కావాలి. 'ఫ్యూమరేట్ హైడ్రేటేస్ లోపం' అని ఉంటే మీ ఒక్కరి విషయం కాదు. ఒక జన్యువులో లోపం వల్ల కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే చాలా ఫైబ్రాయిడ్లు, చర్మం మీద నొప్పిపెట్టే చిన్న బుడిపెలు, త్వరగా పాకే కిడ్నీ క్యాన్సర్ కలిసి వస్తాయి. జన్యుపరీక్షలో అది నిర్ధారణ అయితే మీకు, అదే లోపం ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పిల్లలకు ఏటా కిడ్నీల ఎంఆర్‌ఐ అవసరం. రిపోర్టులో ఈ మాట లేకపోయినా ఇరవైల్లోనే ఎన్నో గడ్డలు వచ్చి, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ క్యాన్సర్ ఉంటే ఆ పరీక్ష చేయమని పెథాలజిస్టును అడగవచ్చు. దానికి పాత గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు ఉంటే చాలు, కాబట్టి ల్యాబ్‌లో బ్లాకులు ఎన్నేళ్లు ఉంచుతారో తెలుసుకుని, పారేసేలోపే సంతకం పెట్టి తెచ్చుకోండి.